బ్రేకమ్మ కుడికాలు

ఆవిడకి బ్రేకమ్మ అని పేరు పెట్టింది ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఎదురుగా ఉన్నప్పుడు మేడం అంటారు. కారు దిగి సందు మలుపు తిరిగాక బ్రేకమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినట్టు మాత్రం కనబడదు.

పందొమ్మిదేళ్ళుగా ఆవిడది ఒకటే పని. పక్క సీట్లో కూర్చుని, కారు నడపడం రానివాళ్ళ చేత కారు నడిపించడం. ఆ సీటు ముందు, మామూలు కార్లలో చెప్పులు తప్ప ఏమీ ఉండని చోట, ఇంకో బ్రేకు పెడల్ ఉంటుంది. స్టీరింగ్ దగ్గరున్న మనిషి బెదిరిపోయి గుడ్లు తేలేసినప్పుడు పక్కనున్న మనిషి కారుని ఆపడానికి అది. అసలు పెడల్‌కీ దీనికీ మధ్య ఒక ఇనుప కేబుల్ ఉంటుంది. ఇక్కడ నొక్కితే అక్కడా దిగుతుంది.

ఈ పందొమ్మిదేళ్ళలో ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళు రెండు వేల పైచిలుకు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆవిడ కారుతో ఒక మనిషిని గానీ, ఒక కుక్కని గానీ, ఆఖరికి ఒక పూలకుండీని గానీ గుద్దలేదు.

ఇంత మాట వినగానే కొందరు గొంతు సవరించుకుని అంకితభావం, త్యాగం అంటూ మొదలుపెడతారు. ఆ మాటలంటే బ్రేకమ్మకి ఒళ్ళు మంట. ఒకసారి కాలనీ సంఘం వాళ్ళు సన్మానం చేస్తామని వస్తే, "దానికి బదులు మీ మూడో వీధిలో గొయ్యి పూడ్చండి, నేను రివర్సు నేర్పేది అక్కడే" అని గుమ్మంలోంచే పంపించేసింది. కాబట్టి ఆవిడ మంచితనం సంగతి పక్కన పెడదాం. చెప్పాల్సింది ఆవిడ కారుకి పట్టిన వణుకు గురించి.

పాత కారు బ్రేకులు వేరే రకం, దానికి ఈ జబ్బు లేదు. ఈ కారు మాత్రం బ్రేకు తొక్కితే వణికేది. నెమ్మదిగా పోతున్నప్పుడు ఏమీ ఉండేది కాదు. కాస్త వేగం మీద ఉండి బ్రేకు వేస్తే స్టీరింగ్ చేతుల్లో గజగజలాడేది. మొదటిసారి అలా అయినప్పుడు ముందు చక్రాలకుండే డిస్కులు మార్చారు. డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం. బ్రేకు తొక్కగానే రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ పట్టుకుని నొక్కుతాయి, బండి ఆగుతుంది. కొత్త డిస్కులు వేశాక కారు పెళ్ళికూతురిలా ఒదిగి ఆగింది. సరిగ్గా రెండు నెలలకి మళ్ళీ వణుకు. మళ్ళీ డిస్కులు. మళ్ళీ రెండు నెలలు. మళ్ళీ వణుకు.

మూడోసారి అది టెస్ట్ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ చేతుల్లోనే వణికింది. ఆయన దిగి, తలుపు మెల్లగా మూసి, ఫారం మీద ఏదో రాస్తూ అన్నాడు.

"మేడం, ఇది మూడోసారి."

"రేపే కొత్త డిస్కులు వేయించి తెస్తాను సార్."

"రేపు తేవద్దు. వేయించుకోండి, మూడు నెలలు నడపండి, అవే డిస్కులతో తీసుకురండి. అప్పటికీ వణికితే ఈ బండి నేర్పడానికి పనికిరాదని రాసేస్తాను."

"నాకున్నది ఈ ఒక్క బండే సార్. ఇది లేకపోతే నేను దేంట్లో నేర్పాలి?"

"ఆ ప్రశ్నకి నా ఫారంలో గడి లేదు మేడం."

డిస్కుల ఆయుష్షు రెండు నెలలు. ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన గడువు మూడు. లెక్క చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. కారణం దొరకకపోతే ఆవిడ పని అయిపోయినట్టే.

ఆవిడ నేరుగా మరిది షెడ్డుకి వెళ్ళింది. మరిదంటే భర్త తమ్ముడు, మెకానిక్. రెండుసార్లూ డిస్కులు మార్చింది అతనే. షెడ్డంటే పెద్దదేం కాదు. మూడు కార్లు పడితే నాలుగోది వీధిలో ఉండాలి. గోడకి పానాలు చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా వేలాడుతుంటాయి. ఆ వరస ఎవరైనా చెడగొడితే మాత్రం అతనికి ఆ పూట అన్నం సయించదు.

"ఏంటి వదినా, మళ్ళీ జ్వరమేనా?"

"నువ్వేసినవి ఇనపవా, అట్టవా?"

"ఇనపవే. నీ శిష్యుల కాళ్ళే ఇనప గదలు."

"మా వాళ్ళనేం అనకు. ఆ ఇన్‌స్పెక్టర్ గడువు పెట్టాడు." విషయం చెప్పింది. మరిది నవ్వు ఆపేశాడు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. అప్పటిదాకా అతను డిస్కులు మార్చాడే గానీ, అవి ఎందుకు పాడవుతున్నాయని అడగలేదు. ఆ సంగతి అతనికే అప్పుడు తట్టినట్టుంది.

"రేపు పొద్దున పాఠం ఎవరికి?"

"నర్సుకి."

"ఆవిడనీ రమ్మను. వణికేటప్పుడు ముగ్గురం ఉంటే మంచిది. బండి ఇక్కడ వదిలెయ్. సాయంత్రం నేనొక్కణ్ణే ఒక చుట్టు తిప్పి చూస్తా."

నర్సుకి నలభై ఆరేళ్ళు. ఆస్పత్రిలో ఆవిడ గొంతు వింటే డాక్టర్లు కూడా సర్దుకుని నిలబడతారట. స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం ఆవిడే చేతులు సర్దుకోలేదు. ఒకసారి టెస్టు తప్పింది. మర్నాడు ఆవిడ వెనక సీట్లో కూర్చుంది, మరిది నడిపాడు, వదిన తన అలవాటైన సీట్లో. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద వేగం పెంచి బ్రేకు వేశాడు. స్టీరింగ్ దడదడలాడింది.

"మా వార్డులో ఎవరైనా ఇలా వణికితే దుప్పటి కప్పి, చెయ్యి పట్టుకుని నాడి చూస్తాం" అంది నర్సు.

"ఇక్కడ చూడ్డానికి చెయ్యి లేదు కదండీ."

"చెయ్యి లేకపోయినా లెక్కపెట్టొచ్చు. ఇంకోసారి ఆపండి." ఆపాడు. ఆవిడ ముందు సీటు వీపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. "వేగం తగ్గేకొద్దీ దడ కూడా నెమ్మదిస్తోంది. అడ్డదిడ్డంగా లేదు. ఒక్క తీరుగా కొట్టుకుంటూ దిగిపోతోంది."

మరిది అద్దంలోంచి ఆవిడ వంక చూశాడు. "అమ్మా, మీకు కారు నడపడం రాకపోయినా పర్లేదు, మా షెడ్డులో పని ఉంది."

ఎందుకంటే అందులో సగం జవాబుంది. వణుకు చక్రంతో పాటు నెమ్మదిస్తోందంటే అది చక్రంతో పాటు తిరిగేదానిదే. వదులైన బోల్టో, అరిగిన రబ్బరో అయితే ఇంత తీరుగా కొట్టుకోదు. తర్వాత అతను పాదం బ్రేకు వాడకుండా, చేతి బ్రేకు మాత్రం కొంచెం కొంచెంగా లాగి ఆపాడు. అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది. కారు నున్నగా ఆగింది. అంటే వెనక చక్రాలు నిర్దోషులు. తప్పు ముందే ఉంది.

"ఒక్కటే అర్థం కావట్లేదు" అన్నాడు తిరుగుదారిలో. "నిన్న సాయంత్రం నేనొక్కణ్ణే నడిపితే బండి తేలిగ్గా పోయింది. ఇవాళేమో బరువుగా ఉంది."

"ముగ్గురం ఉన్నాం కదా."

"ముగ్గురికే ఇంత బరువా!"

"నన్నంటున్నారా?" అంది నర్సు వెనకనుంచి.

షెడ్డులో ముందు చక్రాలు విప్పారు. మరిది డిస్కుకి గడియారం లాంటి గేజు ఆనించి, చేత్తో డిస్కుని మెల్లగా తిప్పాడు. వంకర ఉంటే ముల్లు ఊగాలి. ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. డిస్కు తిన్నగానే తిరుగుతోంది, కూర్చునే చోట తుప్పు లేదు, బోల్టుల బిగింపు సమానంగా ఉంది. అతను మైక్రోమీటర్ తీశాడు. చుట్టూ ఎనిమిది చోట్ల సుద్దతో గుర్తులు పెట్టి, ఒక్కో చోట డిస్కు మందం కొలిచి గోడ మీద రాస్తూ పోయాడు. ఎనిమిదింటిలో రెండు చోట్ల అంకె మారింది.

"మూడు తేడా" అన్నాడు.

"మూడు ఏంటి? మిల్లీమీటర్లా?"

"మిల్లీమీటర్ని వంద ముక్కలు చెయ్యి. అందులో మూడు ముక్కలు."

బ్రేకమ్మ అతను వేళాకోళమాడుతున్నాడనుకుంది. మరిది చెయ్యి చాపాడు. "ఓ వెంట్రుక ఇయ్యి వదినా."

"దేనికి?"

"ఇయ్యి ముందు."

ఆవిడ జడలోంచి ఒకటి తెంచి ఇచ్చింది. మైక్రోమీటర్ దవడల మధ్య దాన్ని పెట్టి చివరి పిడి రెండు వేళ్ళతో తిప్పాడు. "ఏడు. నీ వెంట్రుకకే ఏడు ముక్కల మందం ఉంది. ఈ తేడా అందులో సగం కూడా లేదు."

ఆవిడ డిస్కు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. అద్దంలా నున్నగా ఉంది. వేలికి ఏమీ తెలియలేదు. వేలికి తెలియనిది చక్రానికి తెలుస్తోంది. టన్ను బరువున్న కారు, అందులో ముగ్గురు మనుషులు, ఇన్‌స్పెక్టర్, ఆయన ఫారం, అన్నీ కలిసి సగం వెంట్రుక మీద తూలుతున్నాయి. పందొమ్మిదేళ్ళుగా బ్రేకుల మీద తన ప్రాణమూ పక్కవాళ్ళ ప్రాణమూ పెట్టి తిరిగింది. ఒక్కసారి కూడా వాటి మొహం చూడలేదు. ఆవిడ డిస్కు మీంచి వేలు తీసేసింది.

"ఇక్కడ చూడు" అన్నాడు మరిది. సుద్ద గుర్తుల పక్కన డిస్కు మీద నీలం డాగులున్నాయి, నూనె పడిన నీళ్ళ మీద కనిపించే రంగు. "ఇది కాలింది. బాగా కాలిన డిస్కు మీద బండి ఆపి బ్రేకు అలాగే తొక్కిపెడితే, ప్యాడు పొడి ఆ చోట అచ్చు వేసినట్టు అంటుకుపోతుంది. అదే నీ సగం వెంట్రుక."

"ఎందుకు కాలింది?"

"అదే తెలీట్లేదు. ప్యాడ్లు బిగుసుకుపోతే ఒక పక్కే కాలాలి. ఇది రెండు పక్కలా అచ్చుగుద్దినట్టు ఒకేలా కాలింది. నీ రెండో పెడల్ కేబుల్ బిగుసుకుపోయిందేమో అని చూశా, వదులుగానే ఉంది. ఇంక మిగిలింది ఒకటే. ఎవరో బ్రేకు మీద కాలు పెట్టుకునే బండి నడుపుతున్నారు. నీ శిష్యులే."

బ్రేకమ్మ నడుం మీద చేతులు వేసుకుంది. "మా వాళ్ళు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి బ్రేకు మీద వెయ్యడానికే వాళ్ళ ప్రాణం మీదకొస్తుంది. ఆ రెండింటికీ ఉన్నది ఒకటే కాలు. ఒకటే కాలుతో రెండూ ఎలా తొక్కుతారయ్యా?"

మరిది మళ్ళీ డిస్కు వంక చూశాడు.

"సరే, కొత్తవి వేసెయ్" అని ఆవిడ సంచీ తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "పనిలో పనిగా వెనక బ్రేకు లైట్ల బల్బులు కూడా చూడు. నెల తిరక్కుండానే కాలిపోతున్నాయి."

మరిది చేతిలో పానా ఆగిపోయింది. "ఎన్నాళ్ళుగా?"

"మొదట్నించీ. బల్బుకి కూడా నీ దాకా రావడమెందుకని నేనే మార్చుకుంటున్నాను. నాసిరకం సరుకు."

ఆవిడ వెళ్ళాక మరిది ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. కాలిన డిస్కులు. కాలిన బల్బులు. వదిన పక్కనుంటే బరువెక్కే బండి. అతను టార్చి తీసుకుని కారులో తలకిందులుగా దూరాడు. అసలు పెడల్ రబ్బరు మీద గాడులు ఇంకా ఉన్నాయి. పక్క సీటు ముందున్న పెడల్ రబ్బరు ఒక మూల నున్నగా, మెరుస్తూ, నదిలో రాయిలా అరిగిపోయి ఉంది.

దొంగ దొరికాడు. ఇప్పుడు వదినకి ఆ సంగతి చెప్పేదెవరు?

నోటితో చెప్పే ధైర్యం లేక అతను బల్బుతో చెప్పించాడు. పాత స్కూటర్ నుంచి తీసిన చిన్న ఎర్ర బల్బు ఒకటి డాష్‌బోర్డు మీద బిగించి, వెనక బ్రేకు లైటుకి కలిపాడు. అక్కడ వెలిగితే ఇక్కడా వెలుగుతుంది. "నీ శిష్యుల్ని పట్టుకోడానికి వదినా" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని.

మర్నాడు నర్సు స్టీరింగ్ దగ్గర కూర్చుంది. మరిది వెనక సీట్లో నక్కి కూర్చున్నాడు. కారు కదిలింది. బల్బు వెలిగింది. వెలిగే ఉంది.

"బ్రేకు మీంచి కాలు తియ్యండి" అంది బ్రేకమ్మ.

"తీశాను మేడం."

"తియ్యలేదు. లైటు వెలుగుతోంది."

"తీశాను మేడం!"

"అబద్ధాలు చెప్పకండి, కళ్ళ ముందు వెలుగుతుంటే..."

"మేడం, ఇదిగో నా కాలు!" నర్సు మోకాలు స్టీరింగ్‌కి తగిలేదాకా పైకెత్తింది. చెప్పుతో సహా పాదం గాల్లో ఉంది. కారు నత్తలా పాకుతూనే ఉంది. బల్బు ఎర్రగా వెలుగుతూనే ఉంది.

వెనకనుంచి మరిది మెల్లగా అన్నాడు. "వదినా, ఒకసారి కిందికి చూడు."

ఆవిడ చూసింది. రెండో పెడల్ మీద ఒక పాదం ఉంది. తీరిగ్గా, చాప మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. చెప్పు తనదే. చీర అంచు తనదే. కాలు మాత్రం ఎవరిదో అనిపించింది. పెట్టినట్టు గుర్తు లేదు, నొక్కుతున్నట్టు తెలియదు. ఆవిడ దాన్ని చూస్తూ ఉండిపోయింది, ఇన్నేళ్ళుగా తన ఇంట్లోనే ఎవరో ఉంటూ వండుకుని తింటున్నారని ఇవాళే తెలిసినట్టు.

నర్సు కాలు మళ్ళీ యాక్సిలరేటర్ మీద పడింది. బ్రేకమ్మ తన పాదం ఎత్తింది. బల్బు ఆరిపోయింది. కారు కట్లు తెంచుకున్నట్టు ముందుకు దూకింది, నర్సు కెవ్వుమంది, ఇద్దరిలో ఎవరు తొక్కారో గానీ మొత్తానికి ఆగింది.

"మేడం, ఇదేంటి, కారు ఇలా కూడా పోతుందా?" అంది నర్సు.

అప్పుడు బ్రేకమ్మకి ఫోన్లు గుర్తొచ్చాయి. టెస్టు పాసై సొంత కారు కొనుక్కున్న పాత శిష్యులు మొదటి వారంలో చేసే ఫోన్లు. "మేడం, మా బండి మీ బండిలా నిదానంగా లేదు, పరిగెడుతోంది." ఆవిడ ప్రతిసారీ "కొత్త బండి కదా, అలాగే ఉంటుంది" అనేది. రెండు వేల పైచిలుకు మంది సగం బ్రేకు మీద నేర్చుకున్నారు. వాళ్ళ యాక్సిలరేటర్‌తో తన కాలు పందొమ్మిదేళ్ళుగా కుస్తీ పడుతోంది. గెలుస్తోంది కూడా.

ఇంట్లో భర్తకి చెబితే అతను ఆశ్చర్యపడితే ఒట్టు. అతను దర్జీ. ముందు గదిలోనే కుట్టు మిషను. నోట్లో సూది పెట్టుకునే మాట్లాడతాడు.

"ఇప్పుడు తెలిసిందా? బస్సులో నా పాదం మీద తొక్కేదెవరనుకున్నావు? సినిమాలో కార్లు తరుముకుంటుంటే నా వేళ్ళు చితక్కొట్టేదెవరు?"

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"భయపడి నా మీద వాలుతున్నావనుకున్నా. పెళ్ళాం ఆనుకుని కూర్చుంటే ఫిర్యాదు చేస్తారా ఎవరైనా?"

ఆవిడ నవ్వలేదు. "అది మానకపోతే బండి పోతుంది. మానితే, ఏ పిల్లాడో అడ్డొచ్చినప్పుడు కాలు అక్కడ లేకపోతే? నాకు తెలీకుండా నన్ను కాపాడుతోంది కదా అది."

దర్జీ సూది తీసి గుడ్డకి గుచ్చాడు. "తొక్కుడు మిషను మానేసి మోటారు మిషనుకి మారినప్పుడు నా కాలూ ఇంతే. ఊరికే పెడల్ మీద ఉండేది, మిషను గుడ్డని నమిలేసేది. కాలికి వద్దని చెబితే వినదు. దానికి ఇంకో చోటు చూపించాలి." మధ్యాహ్నానికల్లా మందపాటి సోఫా గుడ్డతో, లోపల ముక్కలు కూరి, మెత్త ఒకటి కుట్టి ఇచ్చాడు. పెడల్ వెనక నేల మీద పెట్టుకుంటే మడమ దాని మీద ఉంటుంది, వేళ్ళు పెడల్‌కి అంగుళం దూరంలో గాల్లో ఉంటాయి.

మొదటి వారం నరకం. బల్బు వెలగడం, ఆవిడ ఉలిక్కిపడి కాలు తియ్యడం, కారు దూకడం, నేర్చుకునేవాళ్ళు కేక పెట్టడం. రెండో వారంలో నర్సు ఒక సందులో మలుపు తిప్పుతుంటే గోడ వారగా ఉన్న పూలకుండీ టప్పున పగిలింది. బ్రేకమ్మ కాలు మెత్త మీదే ఉంది.

నర్సు మర్నాడే ఆ ఇంటివాళ్ళకి మొక్కతో సహా కొత్త కుండీ తెచ్చి పెట్టింది. బ్రేకమ్మకి మాత్రం ముద్ద దిగలేదు. పందొమ్మిదేళ్ళలో మొదటి కుండీ. మరిది దగ్గరికి వెళ్ళి, "ఆ బల్బు పీకెయ్. పోతే బండే పోతుంది" అంది.

"కుండీకేనా వదినా?"

"ఇవాళ కుండీ."

మరిది స్క్రూడ్రైవర్ తీసుకుని కారు దగ్గరికి వెళ్ళి, తిరిగొచ్చాడు. "ఒక్కటి చెప్పు. కాలు పెడల్ మీద ఉన్న రోజుల్లో, అది నిజంగా ఎప్పుడు నొక్కిందో, ఎప్పుడు ఊరికే కూర్చుందో నీకు తెలిసేదా?"

"లేదు."

"నాకూ తెలీదు. చూడాలనుంది. నెలాఖరుదాకా ఉంచు."

ఉంచింది, అతని కోసం. నెలాఖరుకి బల్బు వెలగడం బాగా తగ్గింది. పాఠం మొత్తం మీద పదిసార్లు, తర్వాత ఐదుసార్లు. ఒక ఉదయం బజారు వీధిలో నర్సు నడుపుతోంది, మరిది వెనక ఉన్నాడు. ముందు ఒక వ్యాను ఆగి ఉంది. వీధి ఖాళీ. ఏ అలికిడీ లేదు.

బల్బు వెలిగింది.

"నేను కాదు మేడం" అంది నర్సు అలవాటుగా. ఆ మాట పూర్తయ్యేలోపు వ్యాను ముందునుంచి ఒక సైకిలు అడ్డంగా దూసుకొచ్చింది. కారు అప్పటికే నెమ్మదించి ఉంది. నర్సు తనే బ్రేకు వేసింది. సైకిలు మీదున్న మనిషి వీళ్ళవైపు చూడకుండానే వెళ్ళిపోయాడు, తన కోసం ఇక్కడ ఒక దీపం వెలిగిందని తెలియకుండా.

మరిది ముందుకు వంగి అన్నాడు. "ముందు బల్బు. తర్వాత సైకిలు. వదినా, నీకెలా తెలిసింది?"

"నాకు తెలీదు. సైకిలు వచ్చాకే నేనూ చూశాను."

ఇక్కడ దివ్యదృష్టి అనేవాళ్ళు, ఆరో జ్ఞానం అనేవాళ్ళు బయల్దేరతారు. వాళ్ళకి దారివ్వక్కర్లేదు. మరిది అలాంటి మాటలకి లొంగే రకం కాదు. కారు వెనక్కి తీయించి, అదే చోట ఆపించి, వదిన సీట్లో తను కూర్చుని, ఆవిడ ఎత్తుకి తల దించి చూశాడు. వ్యాను కింద, దాని చక్రాల మధ్య, నేల మీద అవతలి ఎండ చారలా కనిపిస్తోంది. ఆ చారలో ఏది కదిలినా నీడ పడుతుంది. సైకిలు నీడ అక్కడ పడింది. కన్ను చూసింది, మనసుకి చెప్పకుండా నేరుగా కాలికి చెప్పింది.

అంతే. అందులో మాయ లేదు. కానీ మాయ లేదని తేలాక మరిది ఇంకా ఎక్కువ నిర్ఘాంతపోయాడు. ఆ రోజు నుంచి వీలున్నప్పుడల్లా వెనక సీట్లో కూర్చుని బల్బు వెలిగినప్పుడల్లా కారణం వెతకడం మొదలుపెట్టాడు. ఆగి ఉన్న కారులో డ్రైవర్ భుజం తలుపు వైపు వంగడం. తల్లి సంచీ మార్చుకోవడానికి పిల్ల చెయ్యి వదలడం. ముందు పోతున్న సైకిలువాడి మెడ కొద్దిగా తిరగడం. ప్రతి దానికీ కారణం దొరికింది, ప్రతిసారీ బల్బు తర్వాతే. వెంట్రుకలో సగాన్ని కొలిచే పరికరం తన పెట్టెలో ఉందని అతను గర్వపడేవాడు. ఇప్పుడు అంతకన్నా సన్నటి తేడాలు కొలిచే పరికరం చెప్పు వేసుకుని తన ముందు సీట్లో కూర్చుని ఉంది. పెడల్ మీద పడి ఉన్నన్నాళ్ళూ అది ఏం చెబుతోందో ఎవరికీ వినపడలేదు. ఎప్పుడూ వెలిగే దీపం ఏమీ చెప్పదు.

నర్సు రెండో ప్రయత్నంలో టెస్టు పాసైంది. వారం తర్వాత ఫోన్ చేసింది. కారు పరిగెడుతోందన్న ఫిర్యాదు కాదు. "మేడం, మా కారులో ఎర్ర బల్బు లేదు. చాలా వెలితిగా ఉంది."

మూడు నెలలు నిండాయి. మరిది డిస్కులు విప్పి ఎనిమిది చోట్లా కొలిచాడు. ఎనిమిది అంకెలూ ఒకటే. గోడ మీద పాత అంకెల పక్కన రాసి, కింద గీత గీశాడు.

టెస్ట్ ఆఫీసు వెనక పొడుగాటి రోడ్డు ఉంది. ఇన్‌స్పెక్టర్ స్టీరింగ్ పట్టాడు, బ్రేకమ్మ పక్కన. ఆయన వేగం పెంచి, స్టీరింగ్ మీద రెండు వేళ్ళు మాత్రం ఆనించి, గట్టిగా బ్రేకు వేశాడు. కారు బరువంతా ముందుకు వంగి, నిశ్శబ్దంగా ఆగింది. వేళ్ళు కదల్లేదు. ఇంకోసారి. మరోసారి. ఆయన మొహంలో ఏదో ఆశాభంగం లాంటిది కూడా కనిపించింది.

"అవే డిస్కులా?"

"అవే సార్. మా మరిది కొలిచిన అంకెలు ఇవిగో."

ఆయన చదివి, తల ఊపి, ఆఫీసు ఆవరణలోకి కారు తిప్పాడు. లోపల ఎవరూ కనబడలేదు. గోడ పక్కనుంచి మెల్లగా పోతున్నాడు.

బల్బు వెలిగింది.

"ఇదేంటి? నేను తొక్కలేదే" అన్నాడు. ఆయన చూపు బల్బు మీద ఉండగానే గోడ చివర నుంచి పొడుగాటి నిచ్చెన ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. దాని వెనకాలే, దాన్ని భుజాన మోస్తూ వీళ్ళవైపు చూడకుండా నడుస్తున్న, గోడలకి రంగులేసేవాడు. ఇన్‌స్పెక్టర్ బ్రేకు తొక్కాడు. కారు వణక్కుండా ఆగింది. నిచ్చెన అద్దానికి జానెడు దూరంలో ఊగి, తనదారిన తను పోయింది.

ఇన్‌స్పెక్టర్ బల్బు వైపు చూశాడు. తర్వాత పక్క సీటు కిందికి చూశాడు. అప్పటికే మడమ మెత్త మీదకి వచ్చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

"మేడం," అన్నాడు నొచ్చుకున్నట్టు, "నేను ఇన్‌స్పెక్టర్ని."

"నాకు తెలుసు సార్. కాలికి తెలీదు."

ఆయన ఫారం స్టీరింగ్ మీదే పెట్టుకుని సంతకం చేశాడు.

షెడ్డులో మరిది ఫారం రెండుసార్లు చదివి, మడిచి ఇచ్చి, స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "పని అయిపోయింది కదా. బల్బు తీసెయ్యనా?"

బ్రేకమ్మ పక్క సీట్లో కూర్చుని, తలుపు తెరిచిపెట్టుకుని, తన కుడిపాదాన్ని చూసుకుంటోంది. చెప్పు వారు ఒక పక్క తెగబోతోంది. చిటికెన వేలి మీద పాత ఆనె. మరీ అంత చూడదగ్గ కాలేం కాదు.

"ఉండనీ. అది చూసినవన్నీ నేనూ చూడాలి."